అపక్వాహారం – త్రాసుముల్లు

నిప్పు తగలని ఆహారం తెలుగువారికి కొత్తది కాదు. శ్రీరామనవమినాటి వడపప్పు, శ్రావణమాసంలో పేరంటాండ్రకు పంచిపెట్టే నానిన శనగలు, వేసవిలో తాటిముంజలు, చేను గట్టున కూర్చుండి వలిచి తినే పచ్చి పల్లికాయ, పాలుగారే మక్కకంకి – ఇవన్నీ అపక్వాహారాలే. మన పెద్దలు వీటిని అన్నానికి తోడుగా తిన్నారు, అన్నానికి బదులుగా తినలేదు. అన్నాన్ని పూర్తిగా విడిచి పచ్చికూరలు, పండ్లు, మొలకలతోనే రోజులు గడపటం, ఆ ఫలితాన్ని ప్రతి ఉదయం త్రాసు మీద వెదకటం ఇటీవలి పోకడ. ఈ పోకడలో మంచి లేకపోలేదు. అయితే దానిని అనుసరించే యువతీయువకులలో ఎక్కువమంది త్రాసుముల్లు చెప్పే మాటను తప్పుగా చదువుకుంటున్నారు.

వరంగల్లు, హన్మకొండ, కాజీపేట కలసిన ఈ నగరానికి ములుగు, భూపాలపల్లి, మహబూబాబాదు, జనగామ ప్రాంతాల నుండి ఏటా ఎందరో విద్యార్థులు చదువుకొరకు వస్తుంటారు. ఊళ్లో ఉన్నంతకాలం నడక, ఆట, ఇంటిపని వారి శరీరాలకు తగిన వ్యాయామాన్నిచ్చేవి. వసతిగృహంలో చేరిన తరువాత తెల్లవారుజామునుండి రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని చదవటమే పని. మూడు పూటలా అన్నమో టిఫినో తప్పదు. సంవత్సరం తిరిగేసరికి బట్టలు బిగుతవుతాయి. అప్పుడు ఎవరో ఒకరు పచ్చి ఆహారం సంగతి చెబుతారు. మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గుతాయి. ఆనందం అంతా ఇంతా కాదు. మూడవ వారంలో ముల్లు కదలదు. బతుకమ్మ పండుగకు ఊరికి వెళ్లి సద్దులూ మలీదలూ తిని వస్తే రెండు కిలోలు తిరిగి వస్తాయి. అంతటితో దిగులు మొదలవుతుంది. ఒక పూట తిండి మానటం, తరువాత రెండు పూటలు మానటం అలవాటవుతుంది.

ఈ హెచ్చుతగ్గులకు మూలమేమిటో తెలిసినవారికి ఆ ఆనందమూ ఉండదు, ఈ దిగులూ ఉండదు. మనం తిన్న పిండిపదార్థంలో కొంత భాగాన్ని శరీరం గ్లైకోజెన్ అనే రూపంలో కాలేయంలోను, కండరాలలోను దాచుకొంటుంది. ఆ నిల్వ సుమారు అర కిలో ఉంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు దాదాపు మూడు గ్రాముల నీరు నిలిచి ఉంటుంది. తిండి ఒక్కసారిగా తగ్గినపుడు ముందు ఖర్చయ్యేది ఈ నిల్వే. దానితో పాటు నీరు కూడ పోతుంది. పచ్చికూరలలో ఉప్పు వేయరు కనుక ఉప్పు పట్టి ఉంచే నీరు కూడ జారిపోతుంది. మొదటి వారంలో తగ్గిన రెండు కిలోలలో అధికభాగం ఈ నీటి బరువే. పండుగనాడు పులిహోర, పెరుగన్నం తినగానే పిండిపదార్థం, ఉప్పు తమ నీటిని తాము తిరిగి తెచ్చుకొంటాయి. ఒక కిలో కొవ్వు పేరుకొనటానికి అవసరానికి మించి సుమారు 7,700 కిలోకేలరీలు తినాలని పోషకాహార శాస్త్రం లెక్కగడుతుంది. రెండు కిలోల కొవ్వుకు పదిహేనువేలు దాటాలి. సద్దుల బతుకమ్మనాడు ఎంత ఇష్టంగా తిన్నా, ఒక్క దినంలో అంత తినగల భోజనప్రియుడు పురాణాలలోని బకాసురుడు తప్ప మరొకడు కనబడడు.

ఈ అనుభవం గాంధీమహాత్మునికి సైతం కలిగింది. 1929లో ఆయన ఆంధ్రదేశంలో పర్యటిస్తున్నపుడు రాజమహేంద్రవరంలో ప్రకృతిచికిత్స చేస్తుండిన సుందరం గోపాలరావు, నిప్పు తగిలిన ఆహారం కంటె మొలకెత్తిన గింజలు, పచ్చి ఆకులు మేలైనవని ఆయనకు చెప్పారు. గాంధీజీ వెంటనే ప్రయోగానికి పూనుకొన్నారు. మొలకెత్తిన గోధుమలు, బాదంపప్పు ముద్ద, నూరిన ఆకుకూరలు, నిమ్మకాయలు, తేనె – ప్రతిదానికి ఒక తూకం నిర్ణయించుకొన్నారు. కొంత బరువు తగ్గినా సత్తువ తగ్గలేదని, ఆపై శరీరం మరల బరువెక్కసాగిందని ‘యంగ్ ఇండియా’ పత్రికలో పాఠకులకు తెలియజేశారు. సబర్మతి ఆశ్రమవాసులు కొందరు ఆయనను అనుసరించారు. ఆ ఆగస్టులో జిగట విరేచనాలు పట్టుకొనగా ప్రయోగాన్ని విరమించి మేకపాలకు మరలారు. ఆ విషయాన్ని కూడ దాచలేదు. తరువాతి కాలంలో పచ్చి ఆకుకూరలను భోజనంలో ఒక భాగంగా తినుమని ‘హరిజన్’ పత్రికలో వ్రాశారు. భోజనమంతా అదే కావాలని మాత్రం అనలేదు. ఆహారప్రయోగం చేయదలచినవారికి ఇంతకంటె మంచి నమూనా దొరకదు: తూచి తిన్నారు, గమనించి వ్రాశారు, దేహం వద్దన్నపుడు మానుకొన్నారు.

ప్రాచీన వైద్యశాస్త్రం కూడ ఈ విషయంలో తొందరపడలేదు. చరకసంహితలోని విమానస్థానం ఆహారాన్ని ఎనిమిది అంశాలతో విచారించింది. పదార్థపు స్వభావం మొదటిది. దానికి చేసే సంస్కారం రెండవది. సంయోగం, పరిమాణం, దేశం, కాలం, తినే పద్ధతి తరువాతివి. తినే వ్యక్తి చివరివాడు. సంస్కారమంటే నీట నానబెట్టటం, నిప్పుపై వండటం మొదలైనవి. వంట పదార్థపు గుణాన్ని మార్చుతుందని అంతనాడే గుర్తించారన్నమాట. నేటి విజ్ఞానం దానికి కారణం చెబుతుంది. నిప్పు తగిలినపుడు పిండిపదార్థపు రేణువులు ఉబ్బి విచ్చుకొని జీర్ణరసాలకు లొంగుతాయి. అందుచేత ఒకే దుంపను పచ్చిగా తిన్నపుడు కంటె ఉడికించి తిన్నపుడు శరీరానికి ఎక్కువ శక్తి దక్కుతుంది. వండటం నేర్చుకొన్నందువల్లనే మానవుని మెదడు పెరిగిందని రిచర్డ్ రాంగమ్ అనే శాస్త్రజ్ఞుడు 2009లో ఒక గ్రంథమే వ్రాశాడు. ఆ వాదాన్ని అందరూ అంగీకరించకపోవచ్చు. అయినా పచ్చి ఆహారంతో బరువు ఎందుకు తగ్గుతుందో దానివల్ల బోధపడుతుంది.

ఎంత తగ్గుతుంది? జర్మనీలోని గీసెన్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు దీర్ఘకాలంగా పచ్చి ఆహారం తింటున్న అయిదు వందలమందికి పైగా స్త్రీపురుషులను పరిశీలించి 1999లో ఫలితాలు ప్రకటించారు. ఆ ఆహారం మొదలుపెట్టిన తరువాత పురుషులు సగటున పది కిలోలు, స్త్రీలు పన్నెండు కిలోలు తగ్గారు. ఇది విని సంతోషించేవారు తరువాతి వాక్యం కూడ వినాలి. స్త్రీలలో నలుగురికొకరు ఉండవలసినదానికంటె తక్కువ బరువుకు దిగిపోయారు. నలభై అయిదేండ్లలోపు స్త్రీలలో దాదాపు మూడోవంతుమందికి నెలసరి క్రమం తప్పటమో, నిలిచిపోవటమో జరిగింది. వారందరూ పెద్దవారు. పదహారు, పదిహేడేండ్ల విద్యార్థిని సంగతి ఇంకా సున్నితమైనది. ఎముకలు గట్టిపడుతున్న వయస్సు, రక్తం చాలక మన ఆడపిల్లలు ఎందరో నీరసించే వయస్సు అది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆ వయస్సు బాలికలకు రోజుకు దాదాపు 2,500 కిలోకేలరీలు అవసరమని చెబుతున్నది. దోసకాయలో నూరు గ్రాములకు పదిహేను, పుచ్చకాయలో ముప్పయి మాత్రమే లభిస్తాయి. ఈ లెక్కన పుచ్చకాయలతోనే కడుపు నింపుకొనదలచినవారు దినానికి ఎనిమిది కిలోలు తినవలసి ఉంటుంది.

దీనికి భిన్నమైన ఇబ్బంది మరొకటి ఉంది. పచ్చి ఆహారమైతే ఎంత తిన్నా బరువు పెరగదని నమ్మి పల్లీలు, కొబ్బరి, ఖర్జూరం, తేనె చేతికొద్దీ తినేవారు కొందరు. నూరు గ్రాముల పల్లీలలో 560 కిలోకేలరీలకు పైగా ఉన్నాయి. పచ్చిదైనంత మాత్రాన నూనెగింజ తన నూనెను వదలుకొనదు. బక్కచిక్కిపోతున్నవారికి అవే పల్లీలు, నువ్వులు, అరటిపండ్లు ఔషధం. ఒకే గింజ ఒకరికి అడ్డు, మరొకరికి ఆసరా. చరకుడు తినే వ్యక్తిని కూడ లెక్కలో చేర్చింది ఇందుకే కాబోలు.

పచ్చిగా తినకూడనివి కూడ ఉన్నాయి. రాజ్మా గింజలు, కర్రపెండలం దుంప ఉడికించక తింటే విషప్రాయం. మొలకలు కూడ శుభ్రతలేనిచోట ప్రమాదకరమే. 2011లో జర్మనీలో మెంతిమొలకల ద్వారా వ్యాపించిన రోగక్రిమి యాభైమందికి పైగా ప్రాణాలు తీసింది. వసతిగృహపు గదిలో తడిబట్టలో రెండు రోజులు మూటగట్టి ఉంచిన పెసలను వాసన చూడకుండా తినేవారు ఈ సంగతి తెలుసుకొనవలసి ఉన్నది. ఇక బి12 విటమిను మొలకలలో గాని, పండ్లలో గాని దొరకదు. పాలు, పెరుగు, గుడ్లు కూడ మానినవారు దానికొరకు వైద్యుని సలహా తీసుకొనక తప్పదు.

ఆరోగ్యం కొరకు పచ్చి ఆహారాన్ని ఆదరించదలచిన విద్యార్థికి త్రాసును దినదినం ఎక్కటంతో పనిలేదు. వారానికొకసారి, అదే రోజు, అదే వేళ, ఉదయం ఏమీ తినకమునుపు చూచుకొంటే చాలు. నాలుగు వారాల అంకెలను ఒకచోట వ్రాసుకొంటే పోయింది నీరో, కొవ్వో తేలుతుంది. కిలో, కిలోన్నర అటూ ఇటూ కావటం ఆరోగ్యవంతుని దేహధర్మం. నెలలు గడచినా తరుగుతూనే ఉంటే, జుట్టు రాలుతుంటే, మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తుంటే, నెలసరి తప్పితే ఇంట్లో అమ్మకు చెప్పాలి, వైద్యుని చూడాలి. ఈ విషయంలో సిగ్గుపడి దాచుకొన్న ఆడపిల్లలే ఎక్కువగా నష్టపోతున్నారు.

వసతిగృహాల నిర్వాహకులకు కూడ ఇందులో బాధ్యత ఉన్నది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు సగటు మనిషికి దినానికి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలన్నాయి. వసతిగృహాల భోజనాలలో ఇంతకు సగమైనా కనిపించేది అరుదు. అన్నం, పప్పు, పెరుగు పక్కన ఒక గిన్నెడు దోస, క్యారెట్ ముక్కలు, గుప్పెడు నానిన శనగలు, కాలానికి తగిన జామపండో సీతాఫలమో పెట్టటం పెద్ద ఖర్చేమీ కాదు. నగరపు మార్కెట్టులో ఇవి దొరకని రోజు లేదు. అవి పళ్లెంలోకి వచ్చిననాడు అన్నం మానేసి గదిలో ఒంటరిగా మొలకలు నమలవలసిన అవసరం ఏ విద్యార్థినికీ కలుగదు.