దణ్ణం సరే.. చెయ్యెందుకు పట్టుకోరు?

"దేవుడు చూసేది హృదయాన్ని, చేతుల్ని కాదు". ఆరాధనలో మోకరించడం, చేతులెత్తడం గురించి ఎక్కడ వాదన లేచినా చివరికి ఎవరో ఒకరు ఈ మాట అనేసి కూర్చుంటారు. గదిలో ఒంటరిగా ప్రార్థించుకునేవాడికి అది సరిపోతుంది. పదిమంది కలిసి చేసే ఆరాధనకి సరిపోదు. అక్కడ చేతుల్ని చూసేది దేవుడొక్కడే కాదు, పక్కవాడు కూడా!

ఇది ఇవాళ్టి గొడవ కాదు. ఆదివారాల్లో మోకరించొద్దు, నిలబడే ప్రార్థించండి అని 325లోనే నికేయ సభ నియమం పెట్టింది. కారణం? అన్ని చోట్లా అందరూ ఒకేలా చెయ్యాలని. అంటే భంగిమ ఎవరి భక్తికీ కొలబద్ద కాదు, సంఘమంతా కలిసి చెప్పే మాట.

ఇక మన సంగతి. 1947లో ఏర్పడ్డ సీఎస్ఐ, 1950 నాటి ప్రభు భోజన క్రమంలో ఒక గొప్ప పని చేసింది. పౌలు పత్రికల్లో చెప్పిన ముద్దు పలకరింపుని కేరళ సిరియన్ క్రైస్తవుల పద్ధతిలో, చేతులు కలపడంగా వెనక్కి తెచ్చింది. బల్ల దగ్గర మొదలై, ఒకరి చేతుల్ని ఇంకొకరు అరచేతుల మధ్యకి తీసుకుంటూ జనంలోకి సాగాలి. 1969లో రోమ్ భారత కాథలిక్కులకి ఒప్పుకున్న 12 అంశాల్లోనూ రెండు దారులున్నాయి: దణ్ణం, లేదా చేతుల మధ్య చేతులు.

నేను చూసినంతలో మనవాళ్ళకి నచ్చింది దణ్ణమే. మన సంస్కృతిట! మరి ముట్టుకోకపోవడం కూడా ఈ దేశ సంస్కృతేగా? తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది దళితులు. తాకితే మైల అన్నమాట తరతరాలుగా పడ్డవాళ్ళు. బాప్తిస్మం తీసుకున్నాక కూడా మాలలకో చర్చి, మాదిగలకో చర్చి ఉన్న ఊళ్ళున్నాయి. అలాంటిచోట చెయ్యి పట్టుకోవడం మర్యాద కాదండీ, సిద్ధాంతం.

మన నెట్‌వర్క్ భాషలో చెప్పాలంటే దణ్ణం బ్రాడ్‌కాస్ట్. హాలంతటికీ ఒకేసారి పెట్టెయ్యొచ్చు, ఎవరూ అందుకోనక్కర్లేదు. చెయ్యి పట్టుకోవడం హ్యాండ్‌షేక్. అవతలివాడు కూడా ఒప్పుకుంటేనే పూర్తవుతుంది.

రోగాలంటారా? 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఆపడం న్యాయమే. ఆ భయం పోయి షాపింగ్ మాల్స్‌లో, పెళ్ళిళ్ళలో రాసుకుపూసుకు తిరుగుతూ, చర్చిలో మాత్రం దూరమెందుకు? ఆడా మగా అంటారా? మన చర్చిల్లో చాలావాటిలో ఎటూ విడివిడిగానే కూర్చుంటాం, ఆ ఇబ్బందీ లేదు.

హృదయాన్ని దేవుడు చూసుకుంటాడు. పక్కవాడికి మాత్రం మన చెయ్యే కనిపిస్తుంది. అది ఎవరి దాకా వెళ్ళి ఆగిపోతోందో కూడా కనిపిస్తుంది.