మధురవాణి మగవేషం ఎందుకు వేసింది?

హైదరాబాద్‌లో పురానాపూల్ దర్వాజా దగ్గరి జిరాక్స్ దుకాణంలో ఈ వారం ఒకరోజు ఇద్దరు ఎం.ఏ. తెలుగు విద్యార్థినులు గురజాడ అప్పారావు నాటకం కన్యాశుల్కం మీద ‘విమర్శ వ్యాసం’ కాపీలు తీయించుకుంటున్నారు. నాలుగు పేజీలు. మొదటి దాంట్లో గురజాడ జీవితం, తర్వాతి రెండింట్లో కథ, చివర పాత్రల జాబితా: గిరీశం వంచకుడు, లుబ్ధావధాన్లు పిసినారి, మధురవాణి ఉదాత్త వేశ్య. పిల్లల తప్పు కాదు. కథ అప్పజెప్పడమే విమర్శ అని ఏళ్ల తరబడి వాళ్లకు నేర్పింది పెద్దలే.

నాటకంలో ఎవరు ఎప్పుడొచ్చారు, ఎవరు వింటుండగా ఏం మాట్లాడారు, ఏ వేషంలో వచ్చారు అన్నదే ప్రాణం. కరటకశాస్త్రి తన మేనకోడల్ని ముసలి లుబ్ధావధాన్లతో పెళ్లి నుంచి తప్పించడానికి శిష్యుడికి ఆడపిల్ల వేషం కట్టి బేరం పెడతాడు. చివర్లో సౌజన్యారావు పంతులు ఇంటికి మధురవాణి మగవేషంలో వెళ్తుంది. ఆడపిల్లకు వెలకట్టే చోట మగపిల్లాడు అమ్ముడుపోయాడు. సానుల మొహం చూడనని పట్టుబట్టిన పెద్దమనిషి గడప తొక్కడానికి ఆడమనిషి మగాడి బట్టలు కట్టాల్సొచ్చింది. ఈ రెండు వేషాలనూ పక్కపక్కన పెట్టి ‘ఎందుకు?’ అని అడిగితే వ్యాసం మొదలైనట్టే.

1897 కూర్పు పీఠికలో గురజాడ ఒక లెక్క చెప్పారు: విశాఖ ప్రాంతంలో మూడేళ్లలో డబ్బిచ్చి పిల్లను కొనుక్కున్న శుల్క వివాహాలు 1,034, పెళ్లికూతుళ్లలో ఏడాది పసికందులు ముగ్గురు. గైడ్లు ఈ అంకెను బట్టీ పెట్టిస్తాయి. ఆ అంకె రంగస్థలం మీద బేరంగా ఎలా మారిందో చెప్పవు. 1909లో నాటకాన్ని తిరగరాసినప్పుడు మధురవాణి పాత్ర ఎందుకంత పెరిగిందో అసలే అడగవు.

బేరం ఎలా ఉంటుందో తెలియాలంటే ఆ దుకాణం నుంచి నాలుగడుగులు వేస్తే చాలు. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన వంతెన మీద ఇప్పుడు కూరగాయల అంగళ్లు. కొనే ఆమె టమాటాలు గంపలో పడేసి రెండడుగులు వేస్తుంది. అమ్మే ఆమె చూడనట్టే ఉంటుంది. మూడో అడుగు పడగానే, ‘రా అమ్మా, తీస్కపో’ అంటుంది. మాటకీ మాటకీ మధ్య ఉన్న ఆ మౌనమే నాటకం. పుస్తకం గట్టిగా, ఇద్దరు ముగ్గురు కలిసి చదివితే అది చెవికి అందుతుంది. కన్యాశుల్కం నాటకకళ మీద పుస్తకం రాసిన సర్దేశాయి తిరుమలరావు వృత్తిరీత్యా నూనెల శాస్త్రవేత్త. నాటకాన్ని చదవడానికి కావలసింది తెలుగు పట్టా కాదు; చెవి, ఓపిక.

ఆ చెవినే మనం మూసేస్తున్నాం. ఇంటర్‌లో మార్కులొస్తాయని పిల్లల్ని సంస్కృతం వైపు తోస్తున్నారు. తెలుగు చదివే కొద్దిమందికీ నాటకం చూసే దారి లేదు. 1885లో కీచకవధతో మొదలైన సురభి నాటక సమాజం వాళ్లు ఊరికి ఆ చివర లింగంపల్లిలో ఉన్నారు. రవీంద్రభారతిలో శాలువాల సభలకు దొరికినన్ని సాయంత్రాలు నాటకానికి దొరకవు. పాతబస్తీ పిల్ల జీవితంలో ఒక్క తెలుగు నాటకమూ చూడకుండా తెలుగులో ఎం.ఏ. పూర్తిచేస్తోందంటే, అది విశ్వవిద్యాలయాలు సిగ్గుపడాల్సిన విషయం.

ఆ రోజు జిరాక్స్ దుకాణం వరుసలో వెనక నిలబడ్డ రిటైర్డ్ తెలుగు మాస్టారు ఉండబట్టలేక అడిగారు: ‘మధురవాణి మగవేషంలో ఎందుకొచ్చిందమ్మా?’

‘మగవేషంలో వస్తుందా సార్?’ అంటూ ఒకమ్మాయి ఇంకా వేడిగా ఉన్న నాలుగు కాగితాలూ అటూ ఇటూ తిప్పి చూసింది. ‘ఇందులో లేదే.’