పన్నిద్దరు పిల్లలు, ఒక దీవి

మన చలనచిత్రములందు బాల్యము కథానాయకునకు పీఠిక మాత్రమే. పరుగెత్తు బాలుని పాదములు రెప్పపాటున యువకుని పాదములగును. వానితో గోలీలాడిన తోడి పిల్లలు ఆ క్షణముననే తెరనుండి తొలగిపోవుదురు. బాల్యస్నేహమును ఇట్లు సోపానముగ గాక సంపూర్ణకథగ భావించిన చిత్రము, సకాయె త్సుబోయి 1952 నాటి నవల ననుసరించి కీసుకె కినోషిత 1954లో జపానున తీసిన ‘ఇరువదినాలుగు కన్నులు’.

షోడోషిమా దీవిలోని చిన్న బడికి 1928లో సైకిలెక్కి వచ్చిన ఓయిషి పంతులమ్మ, తన మొదటి తరగతి పిల్లలు పన్నిద్దరిలో కొందరు ఆటకు త్రవ్విన గోతిలో పడి కాలు నొప్పించుకొని ఇంటికడ నుండగా, ఆ పిల్లలు పెద్దలకు చెప్పక కాలినడకన బయలుదేరి, అలసి యేడ్చుచు ఆమెను చేరుదురు. నాడు అందరును కలసి తీయించుకొన్న ఛాయాచిత్రమే కథకు ఆయువుపట్టు. పిమ్మట తల్లిని గోల్పోయిన యొక బాలిక చదువు మాని భోజనశాలలో పనికి కుదురును. వేరొకతె క్షయకు బలియగును. అయిదుగురు బాలురలో ముగ్గురు యుద్ధమున మడియుదురు. ఒకడు చూపు గోల్పోయి మరలి వచ్చును. 1946లో, మిగిలినవారు గురువుతో కూడిన దినమున, ఆ యంధుడు ఛాయాచిత్రముపై వ్రేలు నడపుచు ఎవరెచ్చట కూర్చున్నారో చెప్పు ఘట్టమున, స్నేహితులను విడదీసినవి దారిద్ర్యమును యుద్ధమును అని దర్శకుడు ఉపన్యాసము లేకయే తేటపరచెను. పిల్లలు ఎదిగినట్లు చూపుటకై పోలికలుగల తోబుట్టువులను వెదకి తెచ్చి నటింపజేసిన యాతని శ్రద్ధవలన, పన్నిద్దరిలో ఎవ్వరును పెరిగిన పిదప పరాయివారుగ తోపరు.

ఆ దీవి మనకు దూరమే గాని ఆ గాథ దూరము గాదు. మన బీబీపేట మండల పరిసరములందు ఒకే బల్లపై కూర్చుండి దోస్తులై మెలగినవారిలో బడి విడిచి బీడీల చాట పట్టిన బాలికలు కలరు; మీసకట్టు వచ్చీరాకముందే గల్ఫు వీసాకై అప్పుచేసినవారు కలరు. వీరి యెడబాటునకు వయస్సును నిందించి ఊరకుండుట మన సినిమాలకు సులభమైన యలవాటు.

ఐనను మన సినిమాకు శక్తి లేకపోలేదు. 2015 నాటి ‘శ్రీమంతుడు’ చిత్రమువలన ప్రేరితుడైన యొక దాత మన మండలమందలి జనగామలో నిర్మించిన ప్రభుత్వ పాఠశాలాభవనము 2021లో ప్రారంభమైనది. సినిమా ఇచ్చట నొక బడి కట్టింపగలిగెను. అట్టి బడిలోని యొక తరగతిని, నాయకుని ఏరక, అందరును ఎదిగి చెదరువరకు వెంబడించు చిత్రమును ఏ తెలుగు దర్శకుడైన తలపెట్టునేని, కథకై అతడు సముద్రము దాటవలసిన పనిలేదు.