పేరొకటి, ప్యాకేజీలు అనేకం
కృష్ణ ఒడ్డున వేదాద్రిలో నరసింహస్వామి ఒక్కడే. రూపాలు మాత్రం జ్వాలా, సాలగ్రామ, వీర, యోగానంద, లక్ష్మీ అని ఐదు. డెబియన్ లినక్స్‌లో వర్చువల్ ప్యాకేజీ వ్యవహారమూ అంతే. ‘మెయిల్-ట్రాన్స్‌పోర్ట్-ఏజెంట్’ అనే ప్యాకేజీ విడిగా ఎక్కడా ఉండదు, అది ఉత్త పేరు. ఎగ్జిమ్, పోస్ట్‌ఫిక్స్ వంటివి ‘ఆ పని మేం చేస్తాం’ అని తమ ‘ప్రొవైడ్స్’ వరుసలో రాసుకుంటాయి. మెయిల్ పంపాల్సిన ప్రోగ్రాం ఆ పేరునే అడుగుతుంది, ఏది ఉంటే దానితో సరిపెట్టుకుంటుంది. చిక్కల్లా ఏదీ లేనప్పుడే: దేన్ని ఎక్కించాలో ఎవరు తేల్చాలి? అందుకే ముందు ఒక అసలు ప్యాకేజీని చెప్పి, నిలువు గీత గీసి, ఆ తర్వాతే వర్చువల్ పేరు రాయమంటుంది డెబియన్ విధానం. (ఆ గీతకు అర్థం ‘లేదా’ అనే.) జపనీయులు తమ ఫాంట్లకూ ‘ఫాంట్స్-జపనీస్-గోథిక్’ అని ఇలాంటి ఉమ్మడి పేరు పెట్టుకున్నారు. మనకున్న ‘ఫాంట్స్-తెలు’ మాత్రం మెటా ప్యాకేజీ. పోతన, వేమన, లోహిత్ ఫాంట్లన్నిటినీ మూటగట్టి దించేస్తుంది. ఒక్క ఫాంటు చాలన్నవాడికి ఇంత మూట దేనికి? డెబియన్‌లో తెలుగు పని చూస్తున్న మిత్రులారా, మన ఫాంట్లకూ ఒక వర్చువల్ పేరు ప్రతిపాదించండి.