లాబీలో కాలు పెడితే ఔటేనా?

పెద్ద పండక్కి కపిలేశ్వరపురం వెళ్తే నాకు రెండే పనులు. గోదారి గట్టు మీద కాసేపు నిలబడటం, సాయంత్రం కబడ్డీ చూడటం. మొన్న ఆట మంచి పట్టు మీదుండగా పక్కనున్న కోచ్ గారు గొంతు చించుకున్నారు: "ఒరేయ్, లాబీ తొక్కేశావ్! ఔటైపోయావ్, ఇంక ఆగు!"

కుర్రాడు ఆగిపోయాడు, కూత కూడా ఆపేశాడు. అప్పటికే అవతలోడి భుజం తాకేశాడు, రిఫరీ విజిల్ వెయ్యలేదు. ముగ్గురు వచ్చి కూలేశారు. రావాల్సిన పాయింటు పోయింది, వాడూ పోయాడు.

నాకు తొమ్మిదో తరగతి గుర్తొచ్చింది. మా డ్రిల్లు మాస్టారికి లాబీ అంటే పామున్న పొదే. నేనూ ఒకసారి ఇలాగే ఆగాను. మ్యాచ్ పోయింది, ఏడాదంతా అందరూ నన్నే ఆడిపోసుకున్నారు. రూల్ తప్పని తెలిసేసరికి నేను ఆట మానేసి చాన్నాళ్ళయింది.

అసలు సంగతి ఇదీ. కోర్టుకి రెండు పక్కలా ఉండే మీటరు వెడల్పు పట్టీయే లాబీ. ఎవర్నీ తాకకుండా అందులో అడుగేస్తే ఔటే. తాకారా, పట్టుకోవడం మొదలైందా, ఇక పెనుగులాటలో ఉన్నవాళ్ళకి లాబీ కూడా కోర్టే. పెనుగులాటలో చెయ్యి బయటి గీత దాటి నేలకి తగిలినా, ఒంట్లో ఏ భాగమైనా లోపల నేలని తాకి ఉంటే ఔట్ కాదు. బోనస్ మీద కూడా ఇలాంటి అపోహే ఒకటుంది: బోనస్ వచ్చింది కదా, మనోణ్ణి ఒకణ్ణి లోపలికి పంపండి అని గొడవ. బోనస్‌కి పాయింటే, ఎవరూ తిరిగి రారు. అదీ ఎదుట కనీసం ఆరుగురుంటేనే.

మాస్టార్లని ఒక్కళ్ళనే అనకూడదు లెండి. 2023 అక్టోబరు 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్ గుర్తుందా? ఇండియా, ఇరాన్ 28-28. మన తెలుగు టైటాన్స్‌కి ఆడిన పవన్ సెహ్రావత్ ఎవర్నీ తాకకుండా లాబీలోకి వెళ్ళాడు, వెనకే ఇరాన్ వాళ్ళూ దిగారు. పాత రూల్లో వెంట దిగినవాళ్ళూ ఔటే, కొత్త రూల్లో రైడర్ ఒక్కడే. ఏది లెక్కో తేలక దాదాపు గంట ఆట ఆగింది. చివరికి 33-29తో మనం గెలిచాం.

బేస్‌బాల్లోనూ ఇదే తంతు. బంతి చేతికి తగిలితే "చెయ్యి కూడా బ్యాటే" అని వాదించే కోచ్‌లు అక్కడ బోలెడుమంది. బ్యాటు పట్టుకున్న చెయ్యి బ్యాటే అన్నది క్రికెట్ లెక్క. బేస్‌బాల్లో చెయ్యి చెయ్యే.

బ్రేక్‌లో కోచ్ గారి దగ్గరికెళ్ళాను. "మాస్టారూ, తాకాక లాబీ మనదేనండి."

"ఎవరు చెప్పేరండీ? పాతికేళ్ళుగా ఆడిస్తున్నాను నేను."

ఫోన్లో రూల్స్ తీసి చూపించాను. కళ్ళజోడు పైకి తోసుకుని రెండుసార్లు చదివారు. ఏమీ అనలేదు. మూల మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్న కుర్రాడి దగ్గరికెళ్ళి పక్కన కూర్చున్నారు.

"ఏరా, నువ్వు లాబీ వల్ల ఔట్ కాలేదంట."

"మరెందుకయ్యానండి?"

"నేను ఆగమన్నాను కదరా, అందుకు."