లెక్క కావాలి, చాటింపు ఎందుకు?

బడి నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటిస్తారు. ఎస్సీ స్కాలర్‌షిప్పు పిల్లల జాబితా. పేరు, తండ్రి పేరు, కులం, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా అన్నీ ఉంటాయి. ఇప్పుడు గోడ కూడా అక్కర్లేదు, దాన్నే ఫొటో తీసి తరగతి వాట్సాప్ గ్రూపులో పడేస్తున్నారు. చూసి ఎవడూ ఉలిక్కిపడడు. ఒకప్పుడు మన చేత డప్పు కొట్టించి చాటింపు వేయించిన ఊరు, ఇప్పుడు మన పిల్లల మీదనే చాటింపు వేస్తోంది.

"వాడలో ఉన్నోళ్ల కులం ఎవరికి తెలీదు? చెప్పుకోడానికి సిగ్గెందుకు?" అని మనవాళ్లే కొందరు అడుగుతున్నారు. ఇది సిగ్గు సంగతి కాదు. కులం సర్టిఫికెట్టు లేకుంటే సీటు లేదు, అట్రాసిటీ కేసు నిలబడదు. కులాల లెక్క తియ్యమని కొట్లాడింది కూడా మనమే. ఆ లెక్క సర్కారు దగ్గర ఉండాలి. అంతేగాని పిల్ల పేరు పక్కన కులం తోటి పిల్లల సెల్లుల్లో తిరగాల్సిన పనేముంది? ఎంట్రన్సులో ర్యాంకెంత అని పక్క బెంచీవాడు అడిగేది ర్యాంకు కోసం కాదని మన పిల్లలకి బాగా తెలుసు.

తమిళనాడు నాంగునేరిలో 2023 ఆగస్టులో ఒక దళిత విద్యార్థి మీద తోటి విద్యార్థులే ఇంటికొచ్చి కత్తులతో పడ్డారు. ఆ తర్వాత వేసిన జస్టిస్ చంద్రు కమిటీ 2024లో ఏం చెప్పింది? హాజరు పట్టీలో కులం ఉండొద్దంది. స్కాలర్‌షిప్పు సంగతి పిల్లల్ని విడిగా పిలిచి చెప్పమంది. ఆ పాటి పనికి మన దగ్గర కమిటీ కూడా అక్కర్లేదు, హెడ్మాస్టరుకి మనసుంటే చాలు.

ఇంకో సంగతి. మన ఇళ్లల్లో గుమాస్తా ఎవరు? ఎనిమిదో తరగతి చదివే పిల్లే. అవ్వ పెన్షను మెసేజి చదివేది, అమ్మ ఉపాధి కూలి పడిందో లేదో చూసేది, నెట్ సెంటర్లో ఆధార్ జిరాక్సు ఇచ్చొచ్చేది ఆ పిల్లే. "స్కాలర్‌షిప్పు ఆఫీసు నుంచి, ఓటీపీ చెప్పమ్మా" అని దొంగ ఫోను చేస్తే ఎత్తేదీ ఆ పిల్లే. కాబట్టి ఆ పిల్లకి నేర్పితే ఇల్లంతా నేర్చుకున్నట్టే. ఓటీపీ కన్నతండ్రి స్నేహితుడడిగినా చెప్పొద్దు. జిరాక్సు మీద ఎందుకిస్తున్నామో, తేదీ ఎంతో రాయాలి. ఆధార్‌లో చివరి 4 అంకెలే కనపడే కాపీ దొరుకుతుంది, అది సరిపోయే చోట అదే ఇవ్వాలి. డబ్బు పోతే ఏడుస్తూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోను చెయ్యాలి.

వీటన్నిటికంటే ముందు నేర్పాల్సింది "ఎందుకు సార్? ఎవరికి చూపిస్తారు?" అని అడగడం. తరతరాలుగా అడిగినచోట వేలిముద్ర వేసినోళ్లం. అడగడం మనకి కొత్త, వినడం వాళ్లకి ఇంకా కొత్త.

సర్కారు భద్రంగా దాస్తుందిలే అనుకోవద్దు. కేంద్రం వాళ్ల 'దీక్ష' చదువుల యాప్‌లో దాదాపు 6 లక్షల మంది పిల్లల వివరాలు తాళం లేని పెట్టెలా బయట పడి ఉన్నాయని 2023 జనవరిలో తేలింది. అదే ఏడాది వ్యక్తిగత వివరాల రక్షణకు చట్టం చేశారు. 18 ఏళ్లు నిండని వాళ్లకి తల్లిదండ్రుల ఒప్పుదల కావాలంది ఆ చట్టం. కానీ అందులో సర్కారు తనకి మాత్రం మినహాయింపులు బాగానే రాసుకుంది. ఆధార్ లేదని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులోనే చెప్పింది. బడుల్లో 'అపార్' నంబరుకి సంతకం పెట్టమంటున్నారు కదా, అది ఇష్టమైతేనే పెట్టేది. ఆ మాట ఎంతమంది పంతుళ్లు మన తల్లులకి చెప్పారు?

సంఘం కార్యకర్తలు బడి తెరిచిన మొదటి వారంలోనే వెళ్లి నోటీసు బోర్డు చూడండి. జాబితా కనపడితే చింపకండి. పిల్లల పేర్లు పడకుండా దూరం నుంచి ఫొటో తీసి, హెడ్మాస్టరుకి కాగితం రాసివ్వండి. ముట్టినట్టు సంతకం, స్టాంపు వేయించుకోండి. వారంలో తియ్యకపోతే అదే కాగితం నకలుతో మండల విద్యాధికారి దగ్గరికి పదిమంది తల్లులు కలిసి పోండి.