మైనస్ 40 డిగ్రీల ధర

విజయవాడ ఆటోనగర్‌లో గేర్ ఆయిల్ కొనబోయే లారీ యజమాని ముందుకు రెండు డబ్బాలొస్తాయి. ఒకటి మామూలు 80డబ్ల్యూ-90, రెండోది సింథటిక్ 75డబ్ల్యూ-90. అంకెలో తేడా అయిదే. ధరలో తేడా రెండు మూడు రెట్లు. దోపిడీ అనిపించడం సహజం. అది సగమే నిజం.

ముడి చమురును శుద్ధి చేస్తే వచ్చేది మామూలు నూనె. అసలైన సింథటిక్‌ను కర్మాగారంలో కొత్తగా నిర్మించాలి. పాలిథిన్ సంచులకు ముడిసరుకైన ఇథిలీన్ వాయువే దీనికీ మూలం. దాన్నుంచి పది కార్బన్లుండే డెసీన్ తీసి, ఆ అణువులను గొలుసుగా అతికించి, హైడ్రోజన్‌తో స్థిరపరిస్తే పాలీ ఆల్ఫా ఓలెఫిన్ తయారవుతుంది. చిక్కల్లా డెసీన్‌తోనే. ఇథిలీన్‌ను కలిపినప్పుడు నాలుగు కార్బన్ల నుంచి ఇరవై పైబడిన వాటి దాకా కలగాపులగంగా పుడతాయి. నూనెకు బాగా పనికొచ్చేది అందులో కొంత భాగమే. మిగతా సరుకుకు ప్లాస్టిక్, డిటర్జెంట్ పరిశ్రమల్లో గిరాకీ ఉండాలి. ఇంత పని పెట్టుకునే కంపెనీలు ప్రపంచంలో కొన్నే. పైగా ఈ నూనెలో రసాయనాలు సరిగా కరగవు, రబ్బరు సీళ్లు కుంచించుకుపోతాయి. విరుగుడుగా ఖరీదైన ఎస్టర్లు కలపాలి. గేరు పళ్లను కాపాడే గంధకం, భాస్వరం సమ్మేళనాలు మాత్రం చవక నూనెలోనూ ఉంటాయి. వాటి పేరు చెప్పి ఎక్కువ అడిగే దుకాణదారును నమ్మనక్కర్లేదు.

ఇంతకీ ఒరిగేదేమిటి? మైనస్ 40 డిగ్రీల సెల్సియస్‌లోనూ నూనె గడ్డకట్టినట్లు కాకుండా కదలాలన్నది 75డబ్ల్యూ షరతు. 80డబ్ల్యూకు ఆ హద్దు మైనస్ 26. లడఖ్‌లో జనవరి తెల్లవారుజామున బండి తీసే డ్రైవరుకు ఆ తేడా తెలుస్తుంది. కోస్తాలో దాంతో పనేముంది? ఇక్కడ అక్కరకొచ్చేది వేడిని తట్టుకునే గుణమే. బరువుతో ఘాట్ ఎక్కే లారీలోనూ త్వరగా చెడదు, మార్చే గడువు పెరుగుతుంది. షెడ్డులో నిలిచిన లారీకి కిరాయి రాదు గనక, రోజూ తిరిగే బండికి లెక్క సరిపోవచ్చు. అయితే ఆ గడువును వాహన కంపెనీ మాన్యువల్ ఒప్పుకోవాలి. వారానికోసారి కదిలే సొంత కారుకు మాత్రం ఖర్చు రాబట్టుకోవడం కష్టమే.

మరో మెలిక కూడా ఉంది. క్యాస్ట్రాల్ ఇంజన్ ఆయిల్ అసలు సింథటిక్కే కాదని అమెరికాలో మొబిల్ ఫిర్యాదు చేసింది. అక్కడి ప్రకటనల వివాదాలు చూసే సంస్థ 1999లో క్యాస్ట్రాల్ వైపే మొగ్గింది. దాంతో ముడి చమురునే హైడ్రోజన్‌తో తీవ్రంగా శుద్ధి చేసిన, తయారీ ఖర్చు తక్కువైన నూనెకూ సింథటిక్ పేరు దక్కింది. లోపలున్నది ఇథిలీన్ బిడ్డో, ముడి చమురు బిడ్డో చాలా డబ్బాల మీద రాసి ఉండదు.